కర్మ నుండి కర్తకు: హెచ్.ఐ.వి. హక్కుల వాఙ్మయము - గంజాము సీమ

ఒడిశా ప్రత్యేకరాష్ట్రముగా ఏర్పడిన 1936 ఏప్రిల్ 1వ తేదీ వరకును గంజాము మండలము మదరాసు రాజధానిలోని భాగము. శ్రీకాకుళము, టెక్కలి ప్రాంతములు నాడు ఆ మండలముననే యుండెను. ఎల్లగీత మారినను బరంపురమున తెలుగు మాట ఆగలేదు. దేవాంగుల మగ్గములు నేటికిని పట్టుచీరలు నేయుచునే యున్నవి. అయితే ఆ మగ్గమే రూపము మార్చుకొని ఈ సీమలోని పురుషులను దూరదేశమునకు పిలిచినది. గోపాలపురము రేవున ఓడనెక్కి రంగూనునకు పోయిన తరము ముగిసిన పిమ్మట, గంజాము గ్రామములవారు లక్షల సంఖ్యలో గుజరాతులోని సూరతు మరమగ్గములకు పోవుట పరిపాటియైనది. 2025 సెప్టెంబరులో బరంపురము నుండి సూరతు చెంతనున్న ఉధ్నాకు నేరుగా ఒక రైలుబండి ప్రారంభింపబడుటయే ఈ రాకపోకల పరిమాణమును తెలుపును.

ఒడిశాలో హెచ్.ఐ.వి. కేసులు అధికముగా నమోదగుచు వచ్చిన జిల్లా గంజాము. ఈ సంగతిని చెప్పునపుడు తరచుగా వినవచ్చు వాక్యమొకటి కలదు: వలసపోయినవారు వ్యాధిని తెచ్చిరి. వ్యాకరణరీత్యా ఇందు దోషము లేదు. అర్థరీత్యా కలదు. ఇరుకుగదిలో వంతులవారీగా నిదురించుట, పగలును రేయియు మారుచుండు పాళీలు, ఆలుబిడ్డలను ఊర విడిచిన ఒంటరితనము, ఒంట బాగులేనపుడు పరభాషలో వైద్యుని అడుగలేని సంకోచము - ఇవన్నియు ఆ వాక్యమునుండి జారిపోయినవి. నేరము చేసిన కర్తగా కూలివాడొక్కడే మిగిలినాడు. చికిత్స మాట వచ్చునప్పటికి అదే కూలివాడు కర్మగా మారును. వానిని పరీక్షింతురు, వానిని నమోదు చేయుదురు, వానిని మందుల వరుసలో నిలుపుదురు. నిందకు కర్త, సేవకు కర్మ! ఈ రెంటి నడుమ వాని హక్కునకు చోటెక్కడ నున్నదని ప్రపంచమందలి పౌరసంఘములు నలువదేండ్లకు పైగా అడుగుచున్నవి. అవి వెలువరించిన ప్రకటనలు, వినతులు, చట్టపు చిత్తుప్రతులు ఒక విధమగు వాఙ్మయమే. దానిని వైద్యులు చదివిరి, న్యాయవాదులు చదివిరి. మాటల పొందికను గమనించుచు చదివినవారు తక్కువ. ఆ పఠనమునకు గంజాము అనువైన చోటు, ఏలయన ఇచ్చట ఒక్కొక్క మాటయు రెండు భాషలలో పరీక్షకు నిలువవలసి యున్నది.

మొదట తెలుగువారి సొంత సొమ్మును చూడవలెను. వ్యాధికి పేరు పెట్టుటలో తెలుగు భాష రెండు దారులు త్రొక్కినది. మశూచిని తెలుగువారు అమ్మవారనిరి. అమ్మవారు పోసిన యింట వేపమండలు కట్టి, రోగిని మన్ననతో చూచి, పరుషముగా మాటలాడక మెలగిరి. దీనివలన టీకాలకు కొంత ఆటంకము కలిగినమాట నిజమే గాని, రోగిని వెలివేయని భాష అది. బరంపురమున రెండేండ్లకొకమారు చైత్రమాసమున జరుగు ఠాకురాణి యాత్రలో, రోగముల నుండి కాపాడు ఆ దేవతను పుట్టింటికి వచ్చిన ఆడపడుచుగా దేశిబెహరా యింటికి ఆహ్వానింతురు. రెండవ దారి వేరు. సవాయి మొదలగువానికి సుఖవ్యాధులను పేరు పెట్టబడినది. సుఖమనుభవించితివి గనుక శిక్ష యనుభవింపుమను తీర్పు ఆ సమాసములోనే యిమిడియున్నది. భర్తవలన వ్యాధి సోకిన ఇల్లాలికి, తల్లివలన సోకిన శిశువునకు ఏ సుఖము దక్కినదో ఆ పేరు పెట్టినవారు చెప్పలేదు. ఎయిడ్సు తెలుగుదేశమునకు వచ్చునప్పటికి ఈ రెండవ పదజాలమే దానికోసము సిద్ధముగా నుండెను. పత్రికలు దానికి 'మహమ్మారి', 'బాధితులు' అను రెండు మాటలను చేర్చినవి.

'బాధితుడు' అను మాటపై తొలి తిరుగుబాటు ఆ బాధననుభవించినవారే చేసిరి. 1983 జూనులో అమెరికాలోని డెన్వరు నగరమున ఒక ఆరోగ్యసభకు వచ్చిన కొందరు రోగులు ఒక ప్రకటన వ్రాసి వేదికపై చదివిరి. ఆనాటికి ఎయిడ్సునకు మందు లేదు. వ్యాధికారకమును గూర్చిన నిర్ణయమైనను స్థిరపడలేదు. వ్రాసినవారిలో పలువురు కొలది యేండ్లలోనే మరణించిరి. అయినను వారు మందును గూర్చి గాక మాటను గూర్చి మొదలుపెట్టిరి. తమను బాధితులనరాదని, ఆ మాటలో ఓటమి యున్నదని, రోగులనుటయు కొన్ని సమయములందు మాత్రమే తగునని, తాము ఎయిడ్సుతో నున్న మనుష్యులమని వారి వాదము. తమను గూర్చి నిర్ణయములు చేయు ప్రతి సభయందును తమకు స్థానముండవలెనని పిమ్మట కోరిరి. పేరును గూర్చిన వాదము పీఠమును గూర్చిన వాదముగా పరిణమించిన తీరు ఈ ప్రకటనలోని బలము. 1994 డిసెంబరు 1వ తేదీన పారిస్ నగరమున 42 ప్రభుత్వములు చేవ్రాలు చేసిన ప్రకటన ఆ కోరికనే దొరతనపు భాషలో అంగీకరించినది. దొరతనపు భాషలోనికి వచ్చుటతో కొంత చల్లబడినది కూడ. డెన్వరులో 'మేము' అని యున్నచోట పారిస్‌లో 'వారి పాల్గొనుట' అని యున్నది.

భారతదేశమున కథ వేరుగా మొదలైనది. 1986లో మదరాసున ఒక స్త్రీరక్షణగృహమునందుంచబడిన స్త్రీల రక్తమును పరీక్షింపగా దేశమందలి తొలి హెచ్.ఐ.వి. కేసులు బయటపడినవి. ఆ పరిశోధన చేసినవారి సాహసము మెచ్చదగినదే. కాని నిర్బంధములో నున్న స్త్రీకి 'కాదు' అను మాట యెంతవరకు అందుబాటులో నుండునన్న ప్రశ్న నాడు ఎవరికిని తోచలేదు. 1989లో గోవాలో డొమినిక్ డిసౌజా యను యువకుడు రక్తదానము చేయుటవలన ఈ సంగతి బయటపడగా, ఆ ప్రాంతపు ప్రజారోగ్యచట్టము క్రింద పట్టుకొని, మూతపడిన క్షయ ఆసుపత్రిలో 64 దినములు ఏకాంతమున నిర్బంధించిరి. అతని తల్లి బొంబాయి ఉన్నతన్యాయస్థానమున వేసిన దావా ఓడిపోయినది. ఆ సంవత్సరమే రాజ్యసభలో ప్రవేశపెట్టబడిన ఎయిడ్సు నివారణ బిల్లు, నిర్బంధపరీక్షను, నిర్బంధమును చట్టబద్ధము చేయబూనెను; పౌరసంఘముల ప్రతిఘటన పిమ్మట అది ఉపసంహరింపబడినది. డిసౌజా తనవంటివారికొక సంస్థను నెలకొల్పి 1992లో మరణించెను. భారతదేశమున హక్కుల వాఙ్మయము ఈ విధముగా ప్రకటనతో గాక అర్జీతో మొదలైనదనుట ఒప్పును. అందువలన దాని శైలికి డెన్వరులోని ధాటి లేదు, న్యాయస్థానపు ఓపిక యున్నది.

హక్కుల దృష్టి వైద్యమునకు అడ్డు కాదని, వైద్యము సాగుటకే అది అవసరమని ప్రపంచ ఆరోగ్యసంస్థలో మొదట గట్టిగా వాదించినవాడు ఆ సంస్థ ఎయిడ్సు కార్యక్రమమునకు తొలి అధినేతయైన జోనథన్ మాన్. వాదము సులభము: శిక్ష తప్పదనుకొన్నవాడు పరీక్షకు రాడు; రానివానికి మందు అందదు. ఆయన 1998లో విమానప్రమాదమున మరణించెను. ఆయన వాదమును ఐక్యరాజ్యసమితి గ్రహించిన తీరు మాత్రము విచిత్రము. 2001 జూనులో జరిగిన ప్రత్యేకసమావేశపు ప్రకటనను చదివినవారికి అందలి మౌనము వెంటనే కనబడును. పలు దేశముల ప్రతినిధులు కొందరి పేరెత్తుటకు ఇష్టపడనందున, వ్యాధి సోకు అవకాశమధికముగా గల వర్గములను చెప్పవలసిన చోట వారి పరిస్థితులు మాత్రమే చెప్పబడినవి. దేహమునమ్ముకొని బ్రతుకు స్త్రీ 'జీవనోపాధి' యైనది. చెరసాలలోనివాడు 'సంస్థాగత స్థానము' అయినాడు. సూరతునకు పోయిన గంజాము కూలివాడు 'జనసంచలనము' అయినాడు. అలంకారశాస్త్రమున దీనిని లక్షణ యందురేమో గాని, ఇచ్చట లక్షణకు ప్రయోజనము రసపుష్టి కాదు, సిగ్గు. పదేండ్ల పోరాటము తర్వాత, 2011 ప్రకటనలో పురుషులతో సంగమించు పురుషులు, మత్తుమందు సూదులు వాడువారు, లైంగికవృత్తిలోనివారు పేరు పేరున చెప్పబడిరి; ట్రాన్స్‌జెండరు వ్యక్తుల ప్రస్తావన 2016 ప్రకటనలో చేరినది. వలసకూలికి ఈ పేరుల పంక్తిలో అంత స్పష్టమగు చోటు నేటికిని దొరకలేదు. గంజామువారికి ఇది చిన్న లోపము కాదు.

పేరు దొరకుట వేరు, ఓటు దొరకుట వేరు. ఎయిడ్సు కొరకు 1996లో పని ప్రారంభించిన ఐక్యరాజ్యసమితి ఉమ్మడి కార్యక్రమపు పాలకమండలిలో పౌరసంస్థలకు పీఠములున్నవి, ఓటు లేదు. 2002లో ఏర్పడిన గ్లోబల్ ఫండు మండలిలో వారికి ఓటు కూడ నున్నది. డెన్వరువారు అడిగినది రెండవదే.

ఇక తెలుగున వచ్చిన ప్రచారసాహిత్యము. 2003 ప్రాంతమున ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వీధులలో 'పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?' అను ప్రశ్నతో పెద్ద పలకలు వెలిసినవి. ఎవరీ పులిరాజా యని జనులు కొన్నాళ్లు ముచ్చటించుకొనిరి; అది ఎయిడ్సు నివారణ ప్రకటన యని తర్వాత తెలిసినది. దీనిని వెకిలితనమని నిందించినవారు కలరు. కాని విమర్శకుడు గమనింపదగిన గుణమొకటి అందు కలదు. అప్పటివరకు ఇట్టి వ్యాధులను గూర్చిన మాటలలో నిందాపాత్రము స్త్రీయే. పులిరాజా పురుషుడు, ప్రశ్న అతని నడవడిని గూర్చినది. పేరుకు మాత్రము పులి, మిగిలినదంతయు సామాన్యుడు. గిరీశమును చూచి నవ్విన తెలుగువారికి ఈ హాస్యము క్రొత్త గాదు. అయితే ఆ ప్రశ్న 'వస్తుందా' అను క్రియతో ఆగిపోయినది. వచ్చిన తర్వాత పులిరాజా ఉద్యోగమేమగును, అతని భార్యకు ఆ యింట నిలువనీడ యుండునా, ఆసుపత్రివారు శస్త్రచికిత్సకు ఒప్పుకొందురా? ఈ ప్రశ్నలకు పలకపై తావు లేకపోయెను. భయపెట్టక నవ్వించుట ఒక మెట్టు. హక్కు చెప్పుట దాని పైమెట్టు. అచ్చటికి ఆ ప్రచారము ఎక్కలేదు.

ఆంగ్లమున 2008లో వెలువడిన 'ఎయిడ్స్ సూత్ర' యను సంకలనమున కిరణ్ దేశాయి పెద్దాపురము మొదలగు గోదావరి సీమ ఊళ్లలోని స్త్రీలను గూర్చి వ్రాసిన వ్యాసమొకటి కలదు. అమర్త్యసేన్ దానికి ముందుమాట వ్రాసెను. దేశాయి చూపు దయగలది, వాక్యము నిగనిగలాడునది. అయినను అది వచ్చిపోవువారి చూపే. భాష తెలియని అతిథికి కన్నులు పనిచేసినంతగా చెవులు పనిచేయవు. ఆ స్త్రీలు తమ తెలుగున ఏమి వాదించియుందురో పాఠకునికి అందదు. వారి దుఃఖము అందును. దీనిపక్కన 1897లో తొలిసారి అచ్చయి 1909లో పెంచి వ్రాయబడిన కన్యాశుల్కమును నిలిపి చూచినచో భేదము స్పష్టమగును. మధురవాణి ఎవరి జాలికిని పాత్రము కాదు. తన వృత్తివారి ముఖము చూడనని వ్రతము పట్టిన సౌజన్యారావు పంతులు ఇంటికి మారువేషమున పోయి, ఆ నీతిమంతుని నియమమునే తర్కమునకు పెట్టి, గిరీశము గుట్టు విప్పినది ఆమెయే. సంస్కరణయుగపు నాయకులు ఆమెవంటివారిని గూర్చి మాటలాడిరి. గురజాడ ఆమెచేత మాటలాడించెను. గంజామునకు ఇరుగుపొరుగైన విజయనగరమున పుట్టిన ఈ పాత్ర, డెన్వరు ప్రకటనకు ఎనుబది యేండ్లకు పైగా ముందుదనుట అతిశయోక్తి గాదు. ఆ దారిని తెలుగు ఎయిడ్సు రచన అందిపుచ్చుకొనకుండుట ఆశ్చర్యము.

కర్తృత్వమునకు ఇటీవలి ఉత్తమోదాహరణము సాహిత్యమున గాక పేటెంటు కార్యాలయమున దొరకును. 2001లో సిప్లా యను భారతీయ సంస్థ, ఏడాదికి పదివేల డాలర్లకు పైబడి ధర పలుకుచున్న మందుల కలయికను 350 డాలర్లకు ఇచ్చెదనని ప్రకటించినది. భారతదేశమున మందులకు ఉత్పత్తి పేటెంట్లు 2005 నుండి మరల వచ్చుటతో ఆ చౌకదనమునకు ముప్పు వాటిల్లెను. అప్పుడు హెచ్.ఐ.వి.తో జీవించువారి సంఘములే అభ్యంతరపత్రములు వ్రాసినవి. 2006లో కాంబివిర్ అను మందుపై కలకత్తా కార్యాలయమున దాఖలైన అభ్యంతరము తర్వాత, ఆ కంపెనీ తన దరఖాస్తును వెనుకకు తీసికొన్నది. రెండు పాత మందులను ఒక మాత్రలో కలుపుట క్రొత్త కల్పన గాదని వారి తర్కము. రసాయనశాస్త్రము, చట్టము, ప్రాణభయము మూడును కలిసిన ఆ పత్రములలో ఎక్కడను వేడుకోలు లేదు. నేడు బరంపురమున మహారాజా కృష్ణచంద్ర గజపతి వైద్యకళాశాల చికిత్సాకేంద్రమున ఉచితముగా ఇచ్చు మాత్రల వెనుక ఇట్టి పత్రముల చరిత్ర కొంత కలదు.

చివరకు చట్టము. న్యాయవాదుల సంఘమొకటి దేశమంతట తిరిగి, హెచ్.ఐ.వి.తో జీవించువారిని సంప్రదించి, సిద్ధపరచిన చిత్తుప్రతి 2006లో ప్రభుత్వమునకు చేరినది. 2014లో బిల్లయి, 2017లో పార్లమెంటు ఆమోదము పొంది, 2018 సెప్టెంబరు 10వ తేదీన అమలునకు వచ్చినది. వివక్ష నిషిద్ధము. సమ్మతి లేక పరీక్ష చేయరాదు. సంగతి బయటపెట్టరాదు. కలిసి కాపురమున్న యింటినుండి వెళ్లగొట్టరాదు. భర్తకు తెలిపినచో స్త్రీకి హింస కలుగునను శంక యున్నప్పుడు వైద్యుడు తెలుపరాదు. ఇవన్నియు చక్కని వాక్యములు. కాని 14వ విభాగమున, పరీక్షాసౌకర్యములును మందులును ప్రభుత్వము 'సాధ్యమైనంతవరకు' సమకూర్పవలెనని యున్నది. ఈ యొక్క క్రియావిశేషణము మూల చిత్తుప్రతిలోని హక్కును దయగా మార్చినదని హెచ్.ఐ.వి.తో జీవించువారు బిల్లు సభలోనుండగనే వీధికెక్కి వాదించిరి. వారి పఠనము సరియైనది. వివక్ష చేయు ఆసుపత్రికి చట్టము 'సాధ్యమైనంతవరకు చేయకుము' అని చెప్పలేదు, 'చేయరాదు' అన్నది. ఇతరుల కర్తవ్యమును శాసించునపుడు నిక్కచ్చిగా నున్న భాష, ప్రభుత్వపు సొంత కర్తవ్యమునొద్దకు వచ్చి మెత్తబడినది. చట్టము చదువువారు ఇట్టి మెత్తని చోట్లనే వ్రేలుంచి చూడవలెను.

అదే చట్టమున ఎవరును అంతగా చర్చింపని బలమైన చోటొకటి కలదు. 'సమ్మతి' యనుమాటను నిర్వచించుచు, పరీక్షవలని లాభనష్టములను ఆ వ్యక్తికి అర్థమగు భాషలో, అర్థమగు రీతిలో చెప్పిన పిమ్మట పొందినదే సమ్మతి యని చట్టము చెప్పినది. ఇందు 'సాధ్యమైనంతవరకు' లేదు. గంజాములో దీని విలువ ఎంతయో చెప్పనక్కరలేదు. తీరమునందలి తెలుగు పల్లెనుండి గర్భవతియగు ఇల్లాలు పరీక్షకు వచ్చిననుకొందము. భర్త సూరతున. పత్రము ఒడియాలోనో ఆంగ్లములోనో. సలహాదారు మాట ఆమెకు సగము తెలిసి సగము తెలియక యుండును. వెంట వచ్చిన అత్తగారో, వరుసలోని పొరుగింటియామెయో తెలుగున మార్చి చెప్పినచో అర్థమగును గాని, గోప్యత ఆ క్షణముననే పోవును. తెలియనిచోట ఒప్పుకొన్నచో చట్టప్రకారము అది ఒప్పుకోలే కాదు. అనువాదము ఇచ్చట సౌకర్యము కాదు, హక్కులో భాగము. తెలుగువారి భాషాహక్కును గూర్చి బరంపురమున పాఠశాలల దృష్టితో చాలకాలముగా వాదములు సాగినవి. ఆసుపత్రి కిటికీయొద్ద ఆ వాదమునకు ఇంత గట్టి చట్టపు ఆధారము కలదన్న సంగతి ఆ వాదములలో వినబడుట అరుదు.

ఇదే చిక్కు ధనసహాయమునందును కలదు. ఒడిశా ప్రభుత్వము 2008లో ప్రారంభించిన మధుబాబు పింఛను పథకమున ఎయిడ్సు రోగులకు ఆదాయపరిమితి లేకుండ చోటు కల్పింపబడినది. మెచ్చదగిన నిబంధన. కాని పింఛను పంచాయతీ కార్యాలయమున పదిమంది నడుమ అందుకొనవలసివచ్చినపుడు, వయసు చెల్లని యువతి ఆ వరుసలో ఏల నిలిచినదో ఊరికి తెలియక మానదు. ఒక హక్కును పొందుటకు మరియొక హక్కును వదలుకొనవలసి వచ్చుట కాగితముపై కనబడదు.

2025 జనవరిలో అమెరికా తన విదేశసహాయమును నిలిపివేయగా ఆఫ్రికాలోని పలు చికిత్సాకేంద్రములును, పౌరసంస్థలును చిక్కులలో పడినవి. ఐక్యరాజ్యసమితి ఎయిడ్సు కార్యక్రమమునే 2026 చివరకు ముగింపవచ్చునను ప్రతిపాదనయు ఆ సంవత్సరమే వచ్చినది. భారతదేశమున మందులకు అధికభాగము కేంద్రప్రభుత్వ ధనమే గనుక గంజాములోని మాత్రలు దానివలన ఆగిపోలేదు. కాని హక్కుల పత్రములు వ్రాయు చేతులు, వానిని మోయు సంఘములు మాత్రలకంటె ముందుగా ఎండిపోవు స్వభావము గలవి. మందునకు బడ్జెటులో పద్దున్నది, వాదమునకు లేదు.

తెలుగున ఈ పత్రములు వ్రాయువారు ఎదుర్కొను చిక్కు పదములది మాత్రమే గాదు. 'సమాచారపూర్వక సమ్మతి' వంటి సమాసములు పల్లెయింటి గడప దాటవు. 'తెలిసి ఒప్పుకొనుట' యన్నచో దాటును. మందులు క్రమముగా వాడగా రక్తమున వైరసు లెక్కకందని స్థితికి చేరినవారినుండి సంగమమువలన వ్యాధి సోకదన్న నేటి వైద్యనిర్ణయమును 'కనబడకున్న అంటదు' అని రెండు మాటలలో చెప్పవచ్చును. అంతకంటె లోతైనది క్రియ. కార్యాలయపు తెలుగున 'సమ్మతి తీసికొనబడినది' అందురు. ఒప్పుకొన్నది ఎవరో ఆ వాక్యమునుండి తెలియదు. ఆ ఇల్లాలు తన మాటలో చెప్పినచో 'తెలిసి ఒప్పుకొన్నాను' అనును. 'నేను' అను మాట వేరుగా పలుకకున్నను, క్రియ చివరనున్న 'ను' వర్ణమున కర్త నిలిచియే యుండును.